మా తాత అర్జీకి జవాబు

కతార్‌లో సర్వేయరు ఉద్యోగానికి వస్తున్న మన పిల్లలు ఫోన్ చేసి నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ మిషన్ నేర్చుకుని రావాలి అని. ఏదో ఒకటి నేర్చుకుని రండి. మిషన్ నెల రోజుల్లో చేతికొస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లు నేను ఇక్కడ నేల కొలిచాను. మిషన్‌తో వచ్చే పుస్తకంలో లేని సంగతులు కొన్ని ఉన్నాయి, అవి చెబుతాను. జీతం ఏ సంవత్సరం పెరిగింది, ఏ హోదా ఎప్పుడు వచ్చింది అన్నవి రాయను. అవి నాకే సరిగా గుర్తులేవు. నన్ను ఎవరు ఏమన్నారో మాత్రం మాటతో సహా గుర్తుంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది చాలావరకు ఆ మాటల వెంబడే నేర్చుకున్నాను.

రిటైరయ్యాక ఇక్కడే మదీనత్ ఖలీఫాలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. పొద్దున్నే నడక, తర్వాత కాఫీ, ఆ తర్వాత ఎవరికైనా రాయవలసిన ఉత్తరం ఉంటే అది. ప్రస్తుతం పక్క విల్లా ఏసీ నీళ్లు మా గోడ మీద కారుతున్న విషయం నడుస్తోంది. మూడో ఉత్తరం దాకా వచ్చింది. హాయిగానే ఉన్నాను.

మేకుల మనిషి

ఈ పని అసలేమిటంటే, ఇంకొకరు కట్టబోయేదానికి ముందుగా వెళ్లి నేల మీద గుర్తులు పెట్టి రావడం. వేసవిలో తెల్లవారకముందే బస్సెక్కాలి. ఎనిమిది దాటిందంటే నేల మీది వేడికి, దూరాన కర్ర మీద మేం గురిచూసే ప్రిజం అనే గాజు బిళ్ల మిషన్ అద్దంలో నీళ్లలో చేపలా కదులుతుంది. కొలత నిలవదు. గాలి లేస్తే ఇసుక కంట్లో పడుతుంది, మిషన్ వణుకుతుంది. మీరు గంటసేపు కూర్చుని పెట్టిన మేకు మీద నుంచి మట్టి తోడే షావెల్ డ్రైవరు క్షణంలో వెళ్లిపోతాడు. కాసేపటికి ఫోర్‌మన్ వచ్చి, "సర్వేయర్, పాయింట్ మాఫీ. యల్లా యల్లా" అంటాడు, మేకు లేదు, త్వరగా రా అని, ఆ మేకు మీరే తిన్నట్టు. దానికి అలవాటు పడండి. మేకు రెండోసారి కొట్టడం కూడా ఉద్యోగంలో భాగమే.

అలవాటు పడకూడనిది ఒకటుంది. నేను చేరిన కొత్తలో మా మేనేజరు నన్ను ఒక పెద్దమనిషికి పరిచయం చేస్తూ, "ఈయన మేకులు కొట్టే మనిషి" అన్నాడు. అప్పుడు ఆయన చేతిలో టీ కప్పు ఉంది, కప్పుకి చెవి విరిగి ఉంది. ఆ సాయంత్రమే హెడ్డాఫీసుకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. పదకొండు రిమైండర్లు రాశాను, వాటికీ లేదు. పన్నెండోది చేరాక మేనేజరు పిలిచి, "ఏం కావాలయ్యా నీకు?" అన్నాడు. సర్వేయర్ అని ముద్రించిన కార్డులు కావాలన్నాను. వంద వేయించాడు. అందులో తొంభై ఇంకా నా దగ్గరే ఉన్నాయి, అది వేరే సంగతి.

పిల్లలకు నేను చెప్పేది: సైటులో గొంతు పెంచకండి. కాగితం మీద పెట్టండి, తేదీ వేయండి, నకలు ఉంచుకోండి. అరిచినవాణ్ణి మర్నాటికి మర్చిపోతారు. రాసినవాణ్ణి మర్చిపోవడం కష్టం.

ముప్పై సెంటీమీటర్లు

ఇక నా తప్పు. మెసయీద్‌లో ఒక గోదాముకి పునాదుల మట్టం పెడుతున్నాం. లింబాద్రి అని నా హెల్పరు. నిజామాబాద్ జిల్లా మనిషి, నాకన్నా ఆరేళ్లు చిన్న. ప్రిజం కర్ర పట్టుకుని నేను చెప్పిన చోట నిలబడటం అతని డ్యూటీ. కర్ర ఎత్తు మీటరున్నర అని నేను మిషన్‌లో పెట్టి ఉంచాను. మధ్యలో ఇసుక కుప్ప అడ్డొచ్చింది. లింబాద్రి కర్రను మీటరు ఎనభైకి పెంచి, పెంచానని కేకేశాడు. నేను "ఆఁ ఆఁ" అన్నాను. నా బుర్ర అక్కడ లేదు. ఆ పొద్దున బస్సులో నేను రోజూ కూర్చునే ముందు సీటు కొత్తగా వచ్చిన అకౌంటెంటుకి ఇచ్చారు. దాని మీద రాయబోయే ఉత్తరంలో రెండో పేరా దగ్గర ఉన్నాను.

పునాదులు ముప్పై సెంటీమీటర్లు కిందికి వెళ్లాయి. కాంక్రీటు పోశాక బయటపడింది.

నాలుగు పేజీల సంజాయిషీ రాశాను. రెండో పేజీలో, హెల్పరు సమాచారం స్పష్టంగా ఇవ్వలేదని ఒక వాక్యం ఉంది. మేనేజరు అది చదివి లింబాద్రిని పిలిపించాడు. ఆ ఒక్క వాక్యానికి అతన్ని ఇంటికి పంపేయవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

లింబాద్రి టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "చెప్పిన సార్. సారు ఆఁ అన్నడు. సారు ఏదో సోంచాయిస్తుండె" అన్నాడు. ఆలోచనలో ఉన్నానని. నా వంక చూడలేదు, నా మీద ఇంకో మాట చెప్పలేదు.

నేను ఆ నాలుగు పేజీలు వెనక్కి తీసుకుని, తప్పు నాదని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. మేనేజరు చూసి, "నీ ఉత్తరాలన్నిట్లో ఇదే బాగుంది" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చలేదు.

ఆ రోజు నుంచి లింబాద్రి ఒక పద్ధతి పెట్టాడు. కర్ర నేలకు ఆనించి, ఎత్తు చెప్పి, నేను తిరిగి చెప్పేదాకా కర్రను నిటారుగా పట్టుకునేవాడు కాదు.

"సారూ, ఒకటిన్నర. చెప్పున్రి."

"ఒకటిన్నర."

"ఆఁ, ఇగ కొట్టున్రి."

మొదట్లో నాకు అవమానంగా ఉండేది. తర్వాత పదేళ్లలో మా ఇద్దరి చేతిలో మట్టం తప్పలేదు. మీరూ ఈ పద్ధతి పెట్టుకోండి.

ఒక పిల్లకాలువ దూరం

లింబాద్రి ఊరికీ నిజామాబాద్ జిల్లాలోనే ఉన్న మా క్యాంపుకీ మధ్య దూరం ఒక పిల్లకాలువ. మా తాత నిజాం కాలంలో, బోధన్ వైపు కాలువ కింద కొత్తగా సాగుకొచ్చిన భూములు ఇస్తున్నారని విని కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. అలా వచ్చినవాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లను ఇప్పటికీ క్యాంపులంటారు, మమ్మల్ని సెట్లర్లంటారు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే, అయినా సెట్లర్నే. ఆ మాట నా మొహం మీద అన్నవాళ్లందరూ గుర్తున్నారు. వాళ్ల పేర్లు ఇక్కడ అనవసరం.

మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఒక కాగితం ఉండేది. తాత అప్పటి జిల్లా అధికారి తాలూక్‌దారుకి పెట్టుకున్న అర్జీ నకలు. ఉర్దూలో ఉంటుంది, అప్పటి కచేరీ భాష అదే కనుక. కింద తాత తెలుగు సంతకం, దాని పక్కన ఒక వేలిముద్ర. మాలో ఎవరికీ ఉర్దూ చదవడం రాదు. అయినా అందులో ఏముందో ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలుసు. కాలువ చివర మన భూమిలో రెండెకరాల పది గుంటలు ఎల్లయ్య అనేవాడు ఆక్రమించాడు, విడిపించమని తాత మొరపెట్టుకున్నాడు, సర్కారు జవాబివ్వలేదు, తాత ఆ దిగులుతోనే పోయాడు. ఇదీ కథ. పప్పన్నం తర్వాత మా ఇంట్లో ఎక్కువసార్లు వడ్డించింది ఈ కథనే. దసరాకి కొడవళ్లతో పాటు ఆ కాగితానికి కూడా పసుపు, బొట్టు పెట్టేవాళ్లు. వేలిముద్ర అధికారిదని మా పెదనాన్న చెప్పేవాడు. అధికారి వేలిముద్ర ఎందుకు వేస్తాడని ఎవరూ అడగలేదు. వేల కాగితాలు చూసిన నేనూ అడగలేదు.

ఆ ఎల్లయ్య లింబాద్రి తాత. ఆ భూమి చెక్కను ఇప్పుడు లింబాద్రి తమ్ముడు దున్నుతాడు. అక్కడే బోరు పక్కన రేకుల ఇంట్లో వాళ్ల అమ్మ ఉంటుంది.

ఇదంతా మేమిద్దరం కలిసిన మొదటి రోజే ఒకరికొకరం తెలుసుకున్నాం. ఊరి పేరు, తాత పేరు చెప్పుకుంటే చాలు కదా. పదకొండేళ్లు ఒకే ఎండలో నిలబడ్డాం. అతని కూతురి నర్సింగు చదువు, నా మోకాళ్లు, ఇక్కడ కంపెనీ మెస్సులో పప్పు నీళ్లగా ఉండటం, అన్నీ మాట్లాడుకున్నాం. ఆ రెండెకరాల మాట ఇద్దరం ఎత్తలేదు.

నా ఉద్యోగం ఇక రెండేళ్లుందనగా మా పెదనాన్న కొడుకు ప్రసాద్ అన్నయ్య ఫోన్ చేశాడు. తాత పట్టా ఇప్పటికీ మా ఇద్దరి పేర్ల మీద ఉమ్మడిగానే ఉంది.

"ఒరేయ్ రత్నం, ఆ చివరి చెక్క కూడా కంప్యూటర్లో మన పేరునే చూపిస్తోంది. పాత పహాణీ రికార్డులో సాగు చేసేవాడి పేరు వేరే గడిలో ఉండేది, ఇప్పుడా గడే లేదు. కొలతకు పెట్టాను. వచ్చే నెల తహసీల్దారు దగ్గర విచారణ. తాత అర్జీ నీ దగ్గరుంది కదా, అక్కడ ఉర్దూవాళ్లు బోలెడుమంది ఉంటారు. చదివించి తెలుగులో రాసి పంపు."

కాగితం నా దగ్గరుండటానికి కారణం పెదనాన్న. నేల కొలిచేవాడి దగ్గరుంటేనే దీనికి విలువ అని పోయేముందు నా చేతికిచ్చాడు. ఆ ఇంట్లో నా వృత్తికి దొరికిన మర్యాద అదొక్కటే. పంపుతానని అన్నయ్యకి మాటిచ్చాను.

రెండు రోజుల తర్వాత అల్ ఘర్రాఫాలో ఒక విల్లా ప్రహరీకి మూలలు పెడుతున్నాం. లింబాద్రి ప్రిజం తుడుస్తూ అన్నాడు.

"సారూ, మా తమ్మునికి నోటీసు వచ్చింది."

"తెలుసు."

"మీ అన్న గట్టు మీద కంచె కడీలు తెచ్చి దింపిండట."

"అదీ తెలుసు."

"గా కాయితం మీ తాననే ఉన్నదట గద?"

"ఉంది."

అతను ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. "అండ్ల ఏమున్నదో ఉన్నది ఉన్నట్టు పంపున్రి. అక్షరం ఎక్కువద్దు, తక్కువద్దు. గా చెల్క పోతే మా అమ్మ యాడికి వోతది."

"అంటే నేను మార్చి పంపుతానని నీ అనుమానమా?"

"నేనేమంటలేను సారూ. ఒకటిన్నర. చెప్పున్రి."

"ఒకటిన్నర" అన్నాను.

ఆరేళ్లు మాట్లాడని మనిషి

కాగితాన్ని ముందు ఇక్కడే ఊళ్లో ఒక అనువాదాల దుకాణానికి తీసుకెళ్లాను. వాడు అటూ ఇటూ తిప్పి, ఇది గొలుసుకట్టు రాత, ఇప్పటివాళ్లకు రాదు, పాత పట్వారీలెవరైనా చదవాలి అన్నాడు. నాకు తెలిసి అలాంటిది చదవగలిగినవాడు ఒక్కడే. మా ఆఫీసులో నక్షాలు గీసే ఇఫ్తికార్. పాకిస్తాన్ పంజాబీ, వాళ్ల నాన్న పట్వారీ. అతనితో నాకు ఆరేళ్లుగా మాటల్లేవు.

కారణం చెబుతాను. నేను నలభై రోజులు ఎండలో తిరిగి కొలిచిన స్థలానికి అతను నక్షా గీశాడు. 'సర్వే చేసినవారు' అన్న గడిలో నా పేరు బదులు కంపెనీ పేరు వేశాడు. అడిగితే, "నువ్వు నేల చూసొచ్చావు, నక్షా చేసింది నేను" అన్నాడు. అప్పటి నుంచి కాగితాలు ట్రేలో పెట్టి వచ్చేవాణ్ణి, ట్రేలోంచి తీసుకునేవాణ్ణి. ఈద్‌కి అందరికీ పంచిన మిఠాయి నా బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. నేను తినేవాణ్ణి కాదు.

మూడు రోజులు ఆలోచించి అతని బల్ల దగ్గరికి వెళ్లాను. తల ఎత్తకుండానే, "ఛే సాల్" అన్నాడు. ఆరేళ్లని తనూ లెక్కపెట్టుకుంటున్నాడన్నమాట.

"ఒక కాగితం చదవాలి" అన్నాను హిందీలో.

"ముందు చాయ్."

చాయ్ అయ్యేదాకా కాగితం ముట్టుకోలేదు. తర్వాత కళ్లద్దాలు మార్చుకుని, భూతద్దం తీసి, మొదటి పంక్తి చదివి మెచ్చుకోలుగా తలూపాడు. "పాత మున్షీ ఎవరో. చెయ్యి బాగుంది. ఇందులో ఏముందని మీవాళ్లంటారు?"

ఎల్లయ్య కథ చెప్పాను. మొత్తం విని, చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదుపుతూ చివరిదాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చి, భూతద్దం కింద పెట్టాడు.

"రత్నం సాబ్, ఫిర్యాదు ఉన్న మాట నిజమే. ఎల్లయ్య మీద కాదు. సర్వేయరు మీద."

అర్జీలో ఉన్నది

అతను హిందీలో చెబుతూ పోయాడు, నేను తెలుగులో రాసుకుంటూ పోయాను. సారాంశం ఇది.

కాలువ కింద నాకు భూమి ఇచ్చిన సర్కారుకు రుణపడి ఉన్నాను. అయితే కొలతదారు ఎండకు ఓర్వలేక చెట్టు నీడన కూర్చుని గొలుసు లాగించినందువల్ల, ఎల్లయ్య అనే స్థానిక రైతు తన తండ్రి కాలం నుంచి జొన్న వేసుకుంటున్న రెండెకరాల పది గుంటలు, అతను తవ్వుకున్న బావితో సహా, నా చెక్కలో కలిసిపోయాయి. నేను అడగనిది నాకిచ్చారు. దానివల్ల నలుగురిలో నన్ను పరుల చేను మేసే పశువులా నిలబెట్టారు. ఆ భూమి నాకు వద్దు. దాన్ని ఎల్లయ్య పేరున వేరుచేసి, నాకు తక్కువైనది తూర్పున పడి ఉన్న బంజరులోంచి ఇప్పించాలి. కొలతదారుని విచారించాలి. ఈ విషయమై లోగడ రెండుసార్లు విన్నవించుకున్నా జవాబు రాలేదని మనవి.

సంతకం, మా తాత. వేలిముద్ర, సాక్షి ఎల్లయ్య.

నాకు మొదట వచ్చింది కోపమే. ఎవరి మీదని చెప్పలేను. మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివాడు. ఈ మాటకు ఇంకో అర్థం ఉందేమో చూడమన్నాను. "లేదు" అన్నాడు. మూడోసారి కూడా చదివించాను. ఎనభై ఏళ్లుగా మేం పసుపు రాసి దణ్ణం పెట్టిన కాగితం, మేం చెప్పుకునే కథకు సరిగ్గా ఎదురు చెబుతోంది. తాత అర్జీ మీద సర్కారు ఏమీ చేయలేదు కనుక పట్టా అలాగే మిగిలిపోయింది. ఆయన పోయాక పట్టాలో మన పేరు, చేలో వాళ్ల నాగలి చూసి, మావాళ్లు మిగతాది ఊహించుకున్నారు. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. చదవని కాగితం మీద నమ్మకం పెట్టుకున్నారు, అంతే. ఈ వృత్తిలో దానికన్నా పెద్ద తప్పు లేదు.

ఇఫ్తికార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మీ తాత నీకన్నా బాగా రాశాడు" అన్నాడు. అదీ గుర్తుంచుకున్నాను.

అనువాదం టైపు చేశాక కింద 'మూలం చదివినవారు' అని అతని పేరు వేశాను. తన పేరు లేకపోయినా ఫరవాలేదన్నాడు. "పని చేసినవాడి పేరు ఉండాలి" అన్నాను. కాసేపు నా వైపు చూసి సంతకం పెట్టాడు. ఆ ఏడు ఈద్ మిఠాయి తిన్నాను. బాగానే ఉంది, కాస్త తీపి ఎక్కువ.

పంపింది

అన్నయ్యకి ఫోన్‌లో మొత్తం చదివి వినిపించాను.

"ఒరేయ్, మొత్తం చదవమని ఎవరడిగారు? తాత పేరు, సర్వే నంబరు ఉన్న మొదటి నాలుగు పంక్తులు చాలు. అవి పంపు."

"సగం కొలత పంపడం నాకు రాదన్నయ్యా."

"కొలతట. ఎల్లయ్య మనవడితో కలిసి తిరిగి తిరిగి వాళ్లవాడివైపోయావు. దుబాయ్ వెళ్లి బుద్ధి పాడుచేసుకున్నావు."

"ఇది కతార్."

ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అన్నయ్య గృహప్రవేశంలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టారు. సొంత తమ్ముడి వరసైనవాణ్ణి, తాపీ మేస్త్రీల పక్కన, అరిటాకు చిరిగినది వేసి. ఆ మంట కూడా నా నిర్ణయంలో కొంత ఉంది, దాచను. మంచి పనికి పాత కోపం తోడొస్తే రానివ్వండి. ఒక్కటే చూసుకోండి, అది కొలతలో మాత్రం వేలు పెట్టకూడదు.

తహసీల్దారుకి మూడు పేజీల అర్జీ రాశాను. ఉమ్మడి పట్టాదారుగా ఆ రెండెకరాల పది గుంటల మీద నాకు హక్కు అక్కర్లేదని, పక్కన అనువాదం, పాత కాగితం నకలు జతచేశానని రాసి, ఎంబసీలో ముద్ర వేయించి పంపాను. చివరి పేరా ఇలా రాశాను: 'మా తాతగారు ఈ అర్జీ దాఖలు చేసి ఎనభై సంవత్సరాలు దాటింది. ఇంతవరకు జవాబు లేదు. కావున దీన్ని కొత్త అర్జీగా కాక, పెండింగులో ఉన్న పాత అర్జీగా భావించి పరిష్కరించ ప్రార్థన.'

లింబాద్రికి మర్నాడు సైటులో చెప్పాను. మిషన్ పక్కన పెట్టి, అనువాదం మొత్తం చదివి వినిపించాను. నా జీవితంలో ఇంత పెద్ద మాట ఎవరికీ చెప్పలేదు, అతను కింద కూలబడతాడేమో అనుకున్నాను. "సరే సారూ" అన్నాడు. వేలిముద్ర ఫోటో తన ఫోన్‌కి పంపమన్నాడు. పంపాను. మళ్లీ కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. నాకు కష్టంగానే అనిపించింది.

ప్రతి సోమవారం తహసీల్దారుకి ఒక రిమైండరు పంపేవాణ్ణి. నకలు అన్నయ్యకి. విచారణ ఒకసారి వాయిదా పడింది, ఇంకోసారి పడింది. తొమ్మిదో రిమైండరు తర్వాత అన్నయ్య దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, పోస్టుమాను ముందు పరువు పోతోంది. వాడు గేటు దగ్గర నుంచే, మీ తమ్ముడి ఉత్తరం అని అరుస్తున్నాడు."

"పనైపోతే ఆపేస్తాను."

"నువ్వు ఆపవు. నాకు తెలీదూ? నేను పోయాక నా కొడుకులకి రాస్తావు." తర్వాత, "తాత నిజంగా పశువు అనే రాశాడా?" అన్నాడు.

"పరుల చేను మేసే పశువు అని."

"పెద్దాయన నోరు అలాంటిదే" అన్నాడు అన్నయ్య. తర్వాతి వాయిదాకి వెళ్లి సంతకం పెట్టాడు. ఆ కాగితంలో కూడా నా పేరు తప్పుగా రాయించాడు. దాని మీద విడిగా ఒక ఉత్తరం పెట్టి సరిచేయించాను.

హద్దు రాయి

చెక్క విడదీసి రాళ్లు పాతే రోజుకి లింబాద్రి సెలవు పెట్టి ఊరెళ్లాడు. మండల సర్వేయరు కొలుస్తుంటే తనే వెళ్లి టేపు రెండో కొస పట్టుకున్నాడట. నాలుగో రాయి దించాక నాకు వీడియో కాల్ చేశాడు. నేను అప్పటికే రిటైరై మదీనత్ ఖలీఫాలో కాఫీ తాగుతున్నాను.

"సారూ, రాయి సక్కగున్నదా సూడున్రి."

"కొంచెం పడమటికి ఒరిగింది."

"ఒరిగింది మీ ఫోను. రాయి సక్కగనే ఉన్నది."

ఫోన్ సరిగా పట్టుకుని చూశాను. రాయి నిటారుగానే ఉంది. ఇంతలో ఎవరో ఫోన్ లాక్కున్నారు. తెల్లటి జుట్టు, నుదుటి మీద పచ్చబొట్టు. లింబాద్రి వాళ్ల అమ్మ. పిల్లకాలువ అవతలే ఉన్న ఆమెను దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"ఏం కొడుకా, మీ తాత కాయితం గిన్నేండ్లు మీ ఇంట్లనే ఉండెనా?"

"ఉందమ్మా."

"ఎవ్వలకు సదవరాకపాయెనా?"

"రాలేదమ్మా."

"నన్నడిగితే జెప్పకపోదునా అండ్ల ఏమున్నదో. మీ తాత, మా మామ ఒక్క బండిల గూసోని బోధన్ పోయి రాయిపిచ్చిన్రు. మా మామ మూడొద్దులు ఏలిముద్రేసిన సిరా కడగనియ్యలేదని మా అత్త జెప్పేది. మా ఇంట్ల గొడ్లు గాసే పోరలకు గూడ ఎర్కనే గీ ముచ్చట."

ఆమె వెనక ఎవరో పిలిస్తే ఫోన్ లింబాద్రికిచ్చి వెళ్లిపోయింది.

"నీకూ తెలుసా ఇది?" అని అడిగాను.

"ఎర్కనే సారూ."

"పదకొండేళ్లు పక్కనే ఉండి ఒక్క మాట చెప్పలేదేం?"

అతను నాలుగో రాయి మీద మట్టి చేత్తో దులిపాడు.

"జెప్తే నమ్ముతుంటిరా?"

కాఫీ కప్పు కింద పెట్టాను.

"నమ్మేవాణ్ణి కాదు" అన్నాను.

"గందుకే కాయితం పంపుమన్న" అని, ఫోన్ పట్టుకుని అయిదో రాయి వైపు నడిచాడు.